పేరు సరే, సైజు సరే, లోపల సున్నాలు: ఒక బ్యాకప్ మరమ్మతు డైరీ

ఆగస్టు 8, 2024, గురువారం

పొద్దున ఏడున్నరకి తెనాలి నుంచి మాస్టారి ఫోన్. "బాబూ, కంప్యూటర్ ఆన్ అవుతోంది గానీ పుస్తకాల డిస్క్ కనపడటం లేదు. లోపల టక్కు టక్కుమని గోడ గడియారంలా కొట్టుకుంటోంది." తెల్లవారుజామున ఐదింటికి కరెంటు రెండు మూడు సార్లు వచ్చి పోయిందట.

ఆ శబ్దం ఏంటో నాకు తెలుసు. అది ఇక లేవదు. మాస్టారికి మాత్రం అలా చెప్పలేదు. "ముందు ఆ యూఎస్‌బీ డిస్క్ వైరు పీకేసి బీరువాలో పెట్టండి, శనివారం వస్తాను" అన్నాను. బ్యాకప్ డిస్క్‌ని ఎందుకు పీకమన్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలియదు. ఏదైనా చెడిపోయినప్పుడు చుట్టూ ఉన్నవాటిని కదలనివ్వకూడదన్న అలవాటు, అంతే. ఆ అలవాటే తర్వాత మమ్మల్ని కాపాడింది.

ఈ డైరీ ఎవరి చేతికైనా పడితే అర్థం కావాలి కాబట్టి అసలు సంగతి కొంచెం. ఊళ్లో ఒక పాత గ్రంథాలయం. 1930ల నుంచి 50ల దాకా వచ్చిన మాసపత్రికల బైండులు ఉన్నాయి. చెదలు తినకముందే స్కాన్ చేయించాలని రిటైరయిన తెలుగు మాస్టారు పట్టుబట్టారు. స్కాన్ చేసేది డిగ్రీ చదివే ఒకమ్మాయి. లినక్స్ సర్వర్, స్క్రిప్టులు, బ్యాకప్ నా బాధ్యత. నేనుండేది హైదరాబాద్‌లో. మొత్తం 94 ఫోల్డర్లు, 18 వేల 400 పైచిలుకు పేజీలు, సుమారు 480 జీబీ. పేజీకి ఒక టిఫ్ ఫైల్. ఏ4 సైజు, అంగుళానికి 300 చుక్కలు, రంగుల్లో, కుదింపు లేకుండా. అంటే 2480 అడ్డం, 3508 నిలువు, చుక్కకి మూడు బైట్లు: 2 కోట్ల 60 లక్షల 99 వేల 520 బైట్లు. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది.

రోజూ రాత్రి 11కి బ్యాకప్. డిస్క్ చోటుని పంచిపెట్టే ఎల్‌వీఎంతో స్నాప్‌షాట్ తీసి (అంటే ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో అలా పట్టి ఉంచి), దాన్ని ట్యార్‌తో ఒకే మూటగా కట్టి, జీజిప్‌తో కుదించి యూఎస్‌బీ డిస్క్ మీద పెట్టడం. పది రాత్రుల మూటలు ఉంచి, పదకొండోది రాగానే అన్నిటికన్నా పాతది చెరిపేయడం. రెండేళ్లుగా నడుస్తోంది. "బ్యాకప్ ఉంది కదా, కంగారు పడకండి" అని మాస్టారికి ధీమాగా చెప్పాను.

ఆగస్టు 10, శనివారం

పాత డిస్క్ కంప్యూటర్ లేవగానే నడిచే బయోస్‌లోనే కనపడటం లేదు. కాబట్టి డిస్క్ నుంచి ముక్కలు ముక్కలుగా చదివే సాధనాలేవీ పనికిరావు. దాన్ని కవర్లో చుట్టి పక్కన పెట్టాను. డేటా రికవరీ ల్యాబ్‌కి పంపడం ఆఖరి దారి.

కొత్త డిస్క్ బిగించాను. 7వ తేదీ రాత్రి మూటకి ముందు జీజిప్ పరీక్ష పెట్టాను. గంట పైన తీసుకుని, ఒక్క ముక్క ఫిర్యాదు లేకుండా పాసయింది. విప్పడం మొదలుపెట్టాను. భోజనం చేసి వచ్చేసరికి అయిపోయింది, అదీ ఏ తప్పూ చూపకుండా.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని జాబితా చూశారు. ఆయన ముఖం చూసి నాకు అనుమానం వచ్చింది.

"1935 ఏదయ్యా?"

1934 ఉంది, 1936 ఉంది. 1935 లేదు. లెక్కపెడితే 94 ఉండాల్సిన ఫోల్డర్లు 61. పోయినవి వరసగా కూడా లేవు. 1931 మొదటి బైండు ఉంది, రెండోది లేదు. 1948 ఉంది, 1949 లేదు. ఎవరో కళ్లకి గంతలు కట్టుకుని చేతికందినవి తీసుకెళ్లినట్టుంది.

ఉన్న 61లో ఒక ఫోల్డర్ ఇంకా విచిత్రం. 96 పేజీలూ ఉన్నాయి, ప్రతిదీ 26 ఎంబీ చూపిస్తోంది. తెరిస్తే కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని "ఇది బొమ్మ కాదు" అంటున్నాయి. తెరుచుకోని ఒకదాన్ని, బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ వ్యూయర్‌లో చూశాను. టిఫ్ ఫైల్ మొదట్లో రెండు "ఐ"లు, ఆ తర్వాత 42 అనే అంకె ఉండాలి. ఇక్కడ మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా సున్నాలే.

ఆ ఫోల్డర్ ఏదో చూసి మాస్టారు కాసేపు మాట్లాడలేదు. మన గ్రంథాలయానిది కాదు అది. ఒక కుటుంబం వాళ్ల తాతగారి బైండు అరువిస్తే 5వ తేదీన స్కాన్ చేశాం. 7న వాళ్లొచ్చి తీసుకెళ్లిపోయారు. ఆ మర్నాడే డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి ప్రయాణం. బైండు కూడా వాళ్లతోనే వెళ్లింది.

ఆగస్టు 10, రాత్రి

నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

పది మూటల సైజులు ఒక కాగితం మీద రాశాను. జూలై 29 రాత్రిది 325 జీబీ. జూలై 30 నుంచి ఆగస్టు 7 దాకా తొమ్మిదీ 228కి 236కి మధ్య. మధ్యలో తీసిన రెండు మూటలు విప్పి ఫోల్డర్లు లెక్కపెట్టాను. అవే ఫోల్డర్లు పోయాయి. జూలై 29 మూటలో మాత్రం ఆ రోజుకి ఉండాల్సినవన్నీ ఉన్నాయి.

పదింటిలో బాగున్నది ఒక్కటే, అదీ అన్నిటికన్నా పాతది. గురువారం రాత్రి 11కి యూఎస్‌బీ డిస్క్ తగిలించి ఉంటే నా స్క్రిప్ట్ ఏం చేసేది? అసలు డిస్క్ లేదు కాబట్టి స్నాప్‌షాట్ తీయలేకపోయేది. అయినా ఆగేది కాదు, ఎందుకంటే ఏ అడుగైనా తప్పితే ఆగమని నేనెక్కడా రాయలేదు. ఖాళీ మూట ఒకటి కట్టి, పదకొండోది వచ్చిందనుకుని జూలై 29ది చెరిపేసేది. వైరు పీకమన్న ఆ ఒక్క మాట లేకపోతే ఈ పాటికి నా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇది రాస్తుంటే అరచేతులు చల్లబడుతున్నాయి.

ఆగస్టు 11, ఆదివారం

బ్యాకప్ డిస్క్ మీద నేరుగా ఇంకేమీ చేయను. విజయవాడలో ఇంకో 4 టీబీ డిస్క్ కొని, మొత్తం నకలు పెట్టి, అసలుది మళ్లీ బీరువాలోకి. నకలు పూర్తవడానికి రాత్రి అయింది.

ఈలోగా లాగ్‌లు చూశాను. అదృష్టం ఏంటంటే సిస్టమ్ వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, అది బాగానే ఉంది. బ్యాకప్ లాగ్‌లో రోజూ ఒకే వాక్యం: "పూర్తయింది". అది నేను రాసిన వాక్యమే, ఏం జరిగినా అదే అంటుంది. ట్యార్ ఏమైనా గొణిగిందా అని చూస్తే ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదో గుర్తొచ్చి తల పట్టుకున్నాను. "ముందున్న గీత తీసేస్తున్నాను" అని ట్యార్ రోజూ ఒక పనికిరాని హెచ్చరిక ఇస్తుంది. అది చూడలేక రెండేళ్ల కిందట దాని హెచ్చరికలన్నిటినీ శూన్యంలోకి తోసేశాను. దోమ కుడుతోందని చెవులు మూసుకున్నట్టు.

లినక్స్ గుండెకాయ కెర్నల్, అది తనకు తానుగా రాసుకునే లాగ్ మాత్రం నా చేతిలో లేదు కాబట్టి బతికింది. జూలై 30 రాత్రి నుంచి ప్రతి రాత్రీ ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే: "స్నాప్‌షాట్‌ని చెల్లనిదిగా మారుస్తున్నాను, కొత్త మినహాయింపుకి చోటు లేదు." టైము రోజూ 1:26, 1:27, 1:28. దాని కింద వరసగా చదవలేకపోయిన బ్లాకుల ఫిర్యాదులు. వెనక్కి జరిపితే జూలై మొదటి వారం నుంచీ అదే వాక్యం. జూలై 29న మాత్రం లేదు.

రోజూ 1:27కి ఏం జరుగుతోంది?

ఒంటిగంటకి మొదలయ్యే పని ఒకటుంది. జూలైలో నేనే పెట్టాను. వంకరగా స్కానయిన పాత పేజీల్ని నిటారుగా చేసి తిరిగి రాసే స్క్రిప్ట్. పేజీకి 8 సెకన్లు. కొంతసేపు నడిచి, మర్నాటి రాత్రి ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. బ్యాకప్ 11కి మొదలయింది కదా, స్నాప్‌షాట్ ఉంది కదా, కింద ఏం మారినా దానికేం అవుతుంది అనుకున్నాను. స్నాప్‌షాట్ ఉన్నదే అందుకు కదా.

ఆగస్టు 12, సోమవారం, హైదరాబాద్

ఆఫీసు అయ్యాక కూర్చున్నాను. ఈ రోజు ఎక్కువ భాగం కాగితం మీదే.

ఎల్‌వీఎం పాత పద్ధతి స్నాప్‌షాట్ అంటే డిస్క్‌కి పూర్తి నకలు కాదు. గ్రంథాలయం రిజిస్టర్‌తో పోల్చి మాస్టారికి ఫోన్‌లో ఇలా చెప్పాను. "రాత్రి 11 గంటలకి రిజిస్టర్ ఎలా ఉందో అలాగే నాకు కావాలి. కానీ ఆ తర్వాత కూడా మీరు అందులో దిద్దుతూనే ఉంటారు. అందుకని ఒక చిన్న నోటు పుస్తకం పక్కన పెట్టుకుంటాం. ఏ గడి దిద్దాలన్నా ముందు అందులో ఉన్న పాతది నోటు పుస్తకంలోకి ఎక్కించి, ఆ తర్వాతే దిద్దుతారు. 11 గంటల నాటి రిజిస్టర్ కావాల్సినవాళ్లు దిద్దని గడులు రిజిస్టర్లో, దిద్దినవి నోటు పుస్తకంలో చూసుకుంటారు."

"నోటు పుస్తకం అయిపోతే?"

అసలు ప్రశ్న అదే. నోటు పుస్తకం నిండాక ఇంకో గడి దిద్దాలంటే పాతది రాయడానికి చోటు లేదు. అప్పుడు రెండే దారులు: దిద్దడం ఆపడం, లేదా నోటు పుస్తకం పారేయడం. కెర్నల్ రెండోది చేస్తుంది. అసలు డిస్క్ మీద పని ఆగకూడదన్నది దాని లెక్క. ఆ నిర్ణయం తప్పు అనను. బ్యాకప్ కోసం నడిచే సర్వర్‌ని నిలబెట్టేస్తే ఇంకా ఘోరం. స్నాప్‌షాట్ ఆ క్షణం నుంచి చెల్లదు, ఏది చదవబోయినా తప్పు అని తిరిగొస్తుంది.

నేనిచ్చిన నోటు పుస్తకం 5 జీబీ. అది 4 కేబీ గడులుగా నడుస్తుంది, అంటే సుమారు 13 లక్షల 10 వేల గడులు. పెట్టినప్పుడు సరిపోయింది, ఎందుకంటే అప్పట్లో రాత్రిపూట ఎవరూ ఏమీ రాసేవారు కాదు. నిటారు చేసే స్క్రిప్ట్ కొత్త పేజీని వేరేగా రాసి, తర్వాత పాతదాని స్థానంలో పెడుతుంది. "కొత్త ఫైల్ ఖాళీ చోటులోనే కదా పడేది, స్నాప్‌షాట్‌కి ఏం భారం" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఎల్‌వీఎం ఉండేది, ఫైళ్ల లెక్క చూసే ఫైల్ సిస్టమ్‌కి కింద అంతస్తులో. ఏ గడి ఖాళీ, ఏది నిండుదో దానికి తెలియదు. ఖాళీ గడిలో చెత్త ఉన్నా సరే, ఆ చెత్తనే భక్తిగా నోటు పుస్తకంలోకి ఎక్కిస్తుంది. పేజీకి 26 ఎంబీ చొప్పున 200 పేజీలు దాటేసరికి 5 జీబీ అయిపోయింది. 205 పేజీలు, ఒక్కోటి 8 సెకన్లు: 27 నిమిషాలు. ఒంటిగంటా ఇరవై ఏడు.

లెక్క కుదిరినందుకు ఒక్క నిమిషం సంతోషించాను, ఒప్పుకోవాలి.

మరి జూలై 29 సంగతి? దాని ముందు రాత్రి నిటారు స్క్రిప్ట్ నడుస్తుండగా కరెంటు పోయి సర్వర్ ఆగి మళ్లీ లేచింది. స్క్రిప్ట్ తనకు తాను పెట్టుకునే తాళం ఫైల్ అలాగే మిగిలిపోయింది. 29 రాత్రి ఒంటిగంటకి స్క్రిప్ట్ వచ్చి, తాళం చూసి, "ఇంకెవరో నడుస్తున్నారు" అనుకుని వెళ్లిపోయింది. మర్నాడు నేనే హైదరాబాద్ నుంచి లాగినయి తాళం తీసి, స్క్రిప్ట్‌ని బాగుచేశానని సంబరపడ్డాను. అది చెడిపోయి ఉన్న ఒక్క రాత్రే బ్యాకప్ బాగుంది.

ఆగస్టు 15, గురువారం, సెలవు

జెండా వందనం అయ్యాక ఇంట్లో చిన్న ప్రయోగం. 1 జీబీ ఫైల్‌ని డిస్క్‌లా చూపించి, దాని మీద ఎల్‌వీఎం, 64 ఎంబీ స్నాప్‌షాట్. ఒక కిటికీలో ట్యార్ నడుస్తుంటే ఇంకో కిటికీలో అసలు డిస్క్ మీద పెద్ద ఫైల్ రాశాను. ఈసారి హెచ్చరికలు మూయలేదు.

ట్యార్ గట్టిగానే అరిచింది. ఫలానా ఫైల్లో ఫలానా బైట్ దగ్గర చదవలేకపోయానని పేరు పెట్టి మరీ చెప్పింది, ఆఖర్లో తప్పుతో ముగిస్తున్నానని 2 అనే అంకె తిరిగిచ్చింది. కానీ నా స్క్రిప్ట్‌లో ట్యార్ తర్వాత గొట్టం (పైప్) పెట్టి జీజిప్ ఉంది. గొట్టంలో ఆఖరున ఎవరుంటే వాళ్ల ఫలితమే షెల్ చూస్తుంది. జీజిప్‌కి వచ్చినదాన్ని అది చక్కగా కుదించింది, 0 ఇచ్చింది. పని దిగ్విజయం. గొట్టంలో ఎవరు తప్పినా తప్పనే చెప్పమనే పైప్‌ఫెయిల్ అన్న మాట, తప్పితే ఆగమన్న ఇంకో మాట స్క్రిప్ట్ పైన రాసి ఉంటే ఇదంతా మొదటి రాత్రే బయటపడేది.

సున్నాలు ఎక్కడివో కూడా ఇక్కడే తేలింది. ట్యార్ ప్రతి ఫైల్‌కీ ముందు పేరు, సైజు రాసి, ఆ తర్వాత లోపలి సరుకు రాస్తుంది. 2 కోట్ల 60 లక్షల బైట్లు వస్తున్నాయని ముందే మాట ఇచ్చేసింది. మధ్యలో చదవడం ఆగిపోతే మిగిలిన చోటు ఏదో ఒకదానితో నింపాలి, లేకపోతే తర్వాతి ఫైల్ ఎక్కడ మొదలవుతుందో విప్పేవాడికి తెలియదు. సున్నాలతో నింపుతుంది. అంటే ట్యార్ పని ట్యార్ సరిగ్గానే చేసింది. జీజిప్ పరీక్ష ఎందుకు పాసయిందో కూడా అదే జవాబు. తనకు అందినదానికే అది ముద్ర వేస్తుంది, ఆ ముద్ర చెదరలేదనే చెబుతుంది. లోపలికి వెళ్లినప్పటికే సరుకు పాడైతే దానికేం తెలుసు.

ఆ ఒక్క ఫోల్డర్‌లోనే సున్నా ఫైళ్లు ఎందుకు, మిగతావి మొత్తానికే ఎందుకు మాయమయ్యాయి? స్నాప్‌షాట్ చచ్చే క్షణానికి ట్యార్ ఉన్న ఫోల్డర్ జాబితా, ఫైళ్ల వివరాలు అప్పటికే మెమరీలో ఉన్నాయి. అందుకని పేరు, సైజు దొరికాయి, సరుకు దొరకలేదు. తర్వాతి ఫోల్డర్లు తెరుచుకోనే లేదు.

ఇక పోయినవి గళ్ల నుడికట్టులా ఎందుకున్నాయన్నది. ఈ ప్రశ్నకే రెండు రాత్రులు పోయాయి. ట్యార్‌కి ప్రత్యేకంగా చెప్పకపోతే పేర్ల వరసలో నడవదు, ఫైల్ సిస్టమ్ ఏ వరసలో చూపిస్తే అలా నడుస్తుంది. మా డిస్క్ మీది ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4, తన ఫోల్డర్లోని పేర్లని హ్యాష్ వరసలో, అంటే ఒక్కో పేరు నుంచి లెక్కకట్టిన అంకెల వరసలో చూపిస్తుంది. మనకి అది చిందరవందర. దానికి మాత్రం ఒక క్రమం ఉంది, రోజూ అదే క్రమం. కాబట్టే రోజూ అవే ఫోల్డర్లు తోకలో పడి పోయాయి. నిన్న పోయినవి ఇవాళైనా దొరుకుతాయేమో అన్న ఆశ ఎక్కువ పెట్టుకోకూడదని అర్థమైంది.

కానీ కొంచెం పెట్టుకోవచ్చు. 1:27 అన్నది ఒక రోజు 1:26, ఒక రోజు 1:28.

ఆగస్టు 17, శనివారం, తెనాలి

పాడైన టిఫ్‌ని పట్టుకునే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. టిఫ్‌లో బొమ్మ కొలతలు, రంగులు, సరుకు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటుంటుంది. ఆ పట్టిక ఎక్కడుందో మొదటి ఎనిమిది బైట్లలోనే రాసి ఉంటుంది. మా స్కానర్ సాఫ్ట్‌వేర్ పట్టికని ఫైల్ చివర్లో పెడుతుంది. కాబట్టి చివరి 200 బైట్లు అన్నీ సున్నాలైతే ఆ ఫైల్ పాడైనట్టే. 26 ఎంబీలూ చదవక్కర్లేదు.

జూలై 29 మూట: ఒక్కటి కూడా పాడవలేదు. ఇది పునాది. ఆ తర్వాత స్కాన్ చేసినవి మొత్తం 1,742 పేజీలు, స్కాన్ చేసే అమ్మాయి నోటు పుస్తకంలో లెక్క ఉంది. (ఇది నిజం నోటు పుస్తకం. చేత్తో రాసిన ఆ లెక్క లేకపోతే ఎన్ని పోయాయో కూడా తెలిసేది కాదు.) వాటిలో 1,031 పేజీలు హ్యాష్ వరసలో ముందున్న ఫోల్డర్లలో పడి, 7వ తేదీ మూటలో భద్రంగా ఉన్నాయి. మూడు ఫోల్డర్లు, 615 పేజీలు, లేనేలేవు. ఆ బైండులు గ్రంథాలయానివే, బీరువాలోనే ఉన్నాయి.

"మూడు రోజుల పని అన్నయ్యా, మళ్లీ చేసేస్తాను" అంది ఆ అమ్మాయి. తప్పు నాది, చాకిరీ తనది. నిటారు చేసిన పాత పేజీలు కూడా చాలా పోయాయి గానీ, వాటి వంకర రూపాలు జూలై 29లో ఉన్నాయి కాబట్టి అది కంప్యూటర్ చాకిరీ.

మిగిలింది 96 పేజీల అరువు బైండు.

7వ తేదీ మూటలో: 58 బాగున్నాయి, 59వది సగం, తర్వాత 37 సున్నాలు. 6వ తేదీది తీశాను. ఆ రాత్రి స్నాప్‌షాట్ ఒక ఎనిమిది, పది సెకన్లు ఎక్కువ బతికినట్టుంది. 69 బాగున్నాయి, 70వది సగం. 5వ తేదీది రెండింటికన్నా తక్కువ. పదకొండు పేజీలు లాభం. ఇక 26 పేజీలు పూర్తి సున్నాలు. ఈ 58, 69 అన్నవి హ్యాష్ వరసలో లెక్కే, పేజీ నంబర్లు కాదు. 12, 13 ఉన్నాయి, 14 లేదు, 15 ఉంది. కథ నడుస్తూ నడుస్తూ గోతిలో పడి మళ్లీ లేచినట్టుంది.

ఆగస్టు 18, ఆదివారం

సగం పేజీతో కుస్తీ.

ఆ ఫైల్ ఏ వ్యూయర్‌లోనూ తెరుచుకోదు, చివర ఉండాల్సిన పట్టిక సున్నాలైపోయింది కాబట్టి. అయితే లోపల 1 కోటి 74 లక్షల 8 వేల బైట్ల దాకా నిజమైన సరుకే ఉంది. వరసకి 7,440 బైట్లు. అంటే 2,339 నిండు వరసలు, పేజీలో మూడింట రెండు వంతులు. తెరుచుకోకపోవడానికి కారణం బొమ్మ పోవడం కాదు, బొమ్మ ఎలా చదవాలో చెప్పే చీటీ పోవడం.

చీటీ పక్క పేజీలో ఉంది. ఒకే స్కానర్, ఒకే కొలత, కుదింపు లేదు, నిటారు స్క్రిప్ట్ ఇంకా ముట్టుకోలేదు. కాబట్టి బైండులో ప్రతి ఫైల్‌కీ పట్టిక ఒకే చోట, ఒకేలా ఉండాలి. రెండు మంచి ఫైళ్ల తోకలు పక్కపక్కన పెట్టి చూస్తే స్కాన్ చేసిన టైము తప్ప అంతా ఒకటే. బైట్లు లెక్కపెట్టి నకలు చేసే డీడీతో మంచి ఫైల్ తోక కోసి, పాడైన ఫైల్ నకలుకి అదే చోట అతికించాను. మొదటిసారి అతికించేటప్పుడు మిగతా ఫైల్‌ని కత్తిరించకుండా ఉంచమని చెప్పడం మరిచిపోయి నకలు పాడుచేశాను. నకలు కాబట్టి సరిపోయింది.

రెండోసారి తెరుచుకుంది. పైన మూడింట రెండు వంతులు పసుపు రంగు పాత కాగితం, కింద నల్లటి పట్టీ. సున్నా అంటే ఈ లెక్కలో నలుపు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని పైనున్నది బయటికి చదివారు. ఒక పాఠకుడు సంపాదకుడికి రాసిన ఉత్తరం. సరిగ్గా "కావున తమరు" దగ్గర నలుపు మొదలైంది.

"కావున తమరు ఏం చేయాలయ్యా?" అన్నారు మాస్టారు. ఇద్దరం నవ్వుకున్నాం.

పూర్తి సున్నా పేజీలకి ఈ చిట్కా పనికిరాదు. అక్కడ అతికించడానికి కింద ఏమీ లేదు.

ఆగస్టు 24, శనివారం

కొత్త బ్యాకప్ స్క్రిప్ట్ వారం నుంచి నడుస్తోంది. మార్చినవి:

నిటారు స్క్రిప్ట్, బ్యాకప్ ఒకే తాళం ఫైల్ వాడతాయి. ఒకటి నడుస్తుంటే రెండోది బయట నిలబడుతుంది. సర్వర్ లేవగానే పాత తాళం చెరిగిపోతుంది. స్నాప్‌షాట్‌కి 60 జీబీ ఇచ్చాను. నిండుతుంటే దానంతటదే పెరిగే ఏర్పాటు ఎల్‌వీఎంలో ఉంది గానీ, మామూలుగా దాని హద్దు 100 శాతం దగ్గర ఉంటుంది, అంటే ఎప్పటికీ పెరగదు. 70 చేశాను, 70 దాటిన ప్రతిసారీ 20 శాతం పెరుగుతుంది. ట్యార్ అయిపోగానే స్నాప్‌షాట్ ఇంకా బతికే ఉందా అని అడిగి, లేదంటే మూట పేరు "పాడు" అని మారుతుంది, పాతవి చెరపడం ఆగిపోతుంది, నాకు మెసేజ్ వస్తుంది. హెచ్చరికలన్నీ ఫైల్లోకి వెళ్తాయి. ఆ గీత హెచ్చరిక ఇక రాదు, ఫోల్డర్లోకి వెళ్లి అక్కడి నుంచి మూట కడితే సరిపోతుందని ఇప్పుడు తీరిగ్గా చదివాను.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది చెక్‌సమ్ జాబితా, అంటే ఫైల్ లోపలి బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్రల జాబితా. పగలు అసలు డిస్క్ మీది ఫైళ్లకి కట్టి, రాత్రి మూట లోపలి నుంచి ఒక్కో ఫైల్ తీసి దానితో పోలుస్తుంది. సైజుని నమ్మదు. రాత్రంతా పడుతుంది, పడనీ.

ఆఫీసులో ఒక స్నేహితుడు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి మారిపోమన్నాడు. అక్కడ స్నాప్‌షాట్‌కి వేరే నోటు పుస్తకం ఉండదు కాబట్టి ఈ రకం చావు ఉండదు, నిజమే. కానీ నేను లేనప్పుడు ఆ సర్వర్ చూసుకునేది మాస్టారు, ఆ అమ్మాయి. వాళ్లకి అలవాటైనదాన్ని ఇప్పుడు మార్చను.

పరీక్ష కోసం కావాలనే 100 ఎంబీ స్నాప్‌షాట్ పెట్టి, అది పెరగకుండా ఆపి, అసలు డిస్క్ మీద పెద్ద ఫైల్ రాస్తూ రాత్రి నడిపించాను. 11:04కి మెసేజ్ వచ్చింది: "పాడు". అంత మంచి మెసేజ్ ఈ నెలలో ఇంకోటి రాలేదు.

615 పేజీలు మళ్లీ స్కానయ్యాయి.

ఆగస్టు 27, మంగళవారం

మాస్టారు డాలస్‌కి ఫోన్ చేశారు. జరిగింది జరిగినట్టు చెప్పేశారు, నన్ను కాపాడే ప్రయత్నం కూడా చేయలేదు. ఆ పెద్దాయన "దానికేముందండీ, ఫోన్‌తో ఫొటోలు తీసి పంపిస్తాం" అన్నారట. 26 నంబర్లు, సగం పేజీ నంబరు కలిపి 27 రాసి పంపాను. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమని కూడా రాశాను. పగలు కిటికీ దగ్గర తీస్తే బాగుంటుందని, ఫ్లాష్ వద్దని.

ఇవాళ పొద్దున లేచేసరికి 27 వచ్చి ఉన్నాయి. రెండింటిలో వాళ్ల మనవడి బొటనవేలు పడింది. అన్నీ కొంచెం వంకరే. సగం పేజీ ముందు తెరిచి, మాస్టారికి పంపాను.

"కావున తమరు వచ్చే నెల నుండి పత్రికను మా ఊరి పోస్టాఫీసుకు కాక రైల్వే స్టేషన్ మాస్టరుగారి పేర పంపవలసినదిగా కోరుచున్నాను."

నిటారు స్క్రిప్ట్‌కి 27 ఫైళ్లూ ఇచ్చాను. మధ్యాహ్నం రెండింటికి.